సుభద్ర మేడం పీకేసిన మేకులు

మీరు ఆఖరిసారి భయపడినప్పుడు ఆ భయాన్ని ఏం చేశారు? తాయెత్తు కట్టి పడుకోబెట్టారా, లేక మా బోటి వాళ్లు చేసినట్టు "ఇదంతా మూఢనమ్మకం" అని ఒక్క మాటతో దాని నోరు నొక్కేశారా? మొన్న కొత్తగూడలో కొత్తగా తెరిచిన ఒక క్యాంపింగ్ సామాన్ల దుకాణంలోకి వెళ్లాను. గుమ్మం దాటగానే కొత్త టార్పాలిన్ వాసన, దానితో కలిసిన రబ్బరు వాసన గుప్పున కొట్టాయి. అమ్మే అమ్మాయి టెంట్ మేకుల కట్ట ఒకటి నా చేతికిచ్చి, ఏ నేలకైనా ఇవే సరిపోతాయి, ఫికర్ లేదు మేడం అంది. కట్ట తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాను. ఏమీ కొనకుండా బయటికి వచ్చి, ఫ్లైఓవర్ నీడలో కాసేపు నిలబడిపోయాను. ఏ నేలకైనా ఒకటే మేకు అన్న మాట వింటే సుభద్ర మేడం ఆ దుకాణంలోంచి ఊరికే బయటికి వచ్చి ఉండేవారు కాదు.

మేడం బాపట్ల వైపు మనిషి. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి, ఉద్యోగ విరమణ తర్వాత ఇక్కడ స్థిరపడ్డారు. ఆదివారాలు గచ్చిబౌలిలో కూడే మా హేతువాద బృందాన్ని మొదలుపెట్టింది ఆవిడే. నేను సూర్యాపేట నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ పరీక్షలు చేసే ఉద్యోగంలో కొత్తగా కుదురుకున్న దాన్ని. ఎవరు ఏం చెప్పినా "ఆధారం ఏది?" అని అడగడం నాకప్పుడు ఒక వ్యసనం. మేడం మమ్మల్ని అప్పుడప్పుడు ఊరి బయట టెంట్లలో పడుకోబెట్టేవారు. ఏసీ గదుల్లో కూర్చుని ప్రకృతి నియమాల గురించి వాదించే వాళ్లకి ఒంటి కింద నేల తగలాలని ఆవిడ పట్టుదల. మొరం నేలకి సన్నటి ఉక్కు మేకు కావాలి, సుత్తి దెబ్బకి ఖంగుమనాలి. ఇసుకలో ఎంత పొడుగు మేకూ నిలవదు, సంచిలో ఇసుక నింపి దానికి తాడు కట్టి గోతిలో పాతాలి. నల్లరేగడిలో వెడల్పాటి మేకు దించాలి, మబ్బు పట్టిందంటే అక్కడ టెంటే వెయ్యకూడదు. చాపలా పరుచుకున్న పరుపు బండ మీద మేకుకి పనే లేదు, బరువైన రాళ్లకి తాళ్లు కట్టుకోవాలి. పడక విషయంలోనూ అంతే. నేను ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్ కొని గొప్పగా చూపిస్తే దాన్ని పక్కన పెట్టి, కింద పరిచే చాప ఏదని అడిగారు. "పైన కప్పుకునేది తర్వాతమ్మాయ్. మన వేడిని లాగేసేది నేల. ముందు దాని సంగతి చూడు." మేకు కొట్టి చూడక ముందే నేల పేరు చెప్పేస్తే ఒప్పుకునేవారు కాదు. "తెలిసినట్టు కొట్టకు. కొట్టి తెలుసుకో" అనేవారు.

గచ్చిబౌలి దాటి నార్సింగి వైపు వెళ్తుంటే, అద్దాల భవనాల వెనక అప్పట్లో ఒక ఖాళీ జాగా ఉండేది. చుట్టూ అంత వెలుగున్నా ఆ జాగా మాత్రం ఎప్పుడూ చీకటిగానే కనిపించేది. సాయంత్రమైతే అక్కడ ఆడమనిషి మూలుగు వినిపిస్తుందని చుట్టుపక్కల సెక్యూరిటీ వాళ్లు, ఇళ్లు కట్టే కూలీలు చెప్పుకునేవారు. గేటు దగ్గర కాపలా ఉండే బాలమణి గద్దె కట్టి దీపం పెట్టేది. మా బృందానికి ఇంతకన్నా ఏం కావాలి? ఐటీ ఉద్యోగుల పిల్లల్నీ కూలీల పిల్లల్నీ కలిపి ఒక రాత్రి అక్కడే టెంట్లలో పడుకోబెడదామని కార్యదర్శి నరహరి ప్రతిపాదించాడు. "భయం లేని రాత్రి" అని పేరు కూడా ఆయనే పెట్టాడు. మేము చప్పట్లు కొట్టాం. మేడం మాత్రం ముందు నేల చూసి వస్తానన్నారు. తోడుగా నేను వెళ్లాను.

వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. పొద్దు గూకుతోంది. అద్దాల భవనాల మీది ఎర్రటి వెలుగు ఆ జాగా అంచు దాకా వచ్చి ఆగిపోయింది. బాలమణి గేటు దాటి లోపలికి రానంది. "అమ్మా, ఆ జాగల పండుకోకుండ్రి. ఆడ భూమి ఊపిరి తీస్తది" అని మాత్రం చెప్పింది. నేను నవ్వాను. మేడం నవ్వలేదు, సన్న మేకు తీసి సుత్తితో కొట్టారు. పైన మొరం, ఖంగుమంది. రెండో దెబ్బకీ ఖంగుమంది. ఆ తర్వాతి దెబ్బకి శబ్దమే లేదు. ఎవరో కింద నుంచి పట్టి లాగినట్టు మేకు తలదాకా దిగిపోయింది. బయటికి తీస్తే తడిగా, కుళ్లిన వాసనతో వచ్చింది. ఇంకో చోట కొట్టాం, అక్కడా అంతే. మేకులన్నీ వంకరగా వాలుతున్నాయి, అన్నీ ఒకే వైపుకి. టెంట్ ఎలాగో నిలబెట్టి మధ్యలో గాలి పరుపు వేసి, టీ తాగడానికి గేటు దాకా వెళ్లాం. తిరిగి వచ్చేసరికి పరుపు పడమటి గోడకి ఆనుకుని ఉంది. గాలి లేదు, లోపలికి ఎవరూ పోలేదు. నేనే దాన్ని మధ్యకి జరిపి, బయటే నిలబడి చూశాను. కంటికి ఆనని నెమ్మదితో అది మళ్లీ పడమటికి జరిగింది, పక్కవాళ్లకి చోటిచ్చి ఒదిగి పడుకునే మనిషిలా. అప్పుడు నా కాళ్ల దగ్గర, నేల నెర్రెలోంచి పొడుగ్గా ఒక నిట్టూర్పు వచ్చింది. చీలమండకి వెచ్చగా తగిలింది. బాలమణి అబద్ధం చెప్పలేదు.

మేడం మోకాళ్ల మీద కూర్చుని ఆ నెర్రె దగ్గర చెవి పెట్టారు. లేచి, తనకీ భయం వేసిందని దాచకుండా చెప్పారు. "భయం అబద్ధం కాదమ్మాయ్. వీళ్లు దానికి పెట్టిన పేరే అబద్ధం. పేరు తప్పు కదా అని భయాన్ని కూడా పారేస్తే మనంత మూర్ఖులు ఉండరు" అన్నారు.

బృందం సమావేశంలో ఈ మాట చెప్తే నరహరి భగ్గుమన్నాడు. నరహరి చెడ్డవాడు కాదు, బాణామతి నెపంతో ఒక ముసలామెను కొట్టబోతుంటే అడ్డం నిలబడి తానే దెబ్బలు తిన్న మనిషి. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇన్నేళ్ల పని బూడిదైపోతుందని ఆయన బాధ. దెయ్యానికి భయపడి హేతువాదులు ఉరికిన్రని రేపు పేపర్లల్ల రాస్తరు అన్నాడు. రాయనివ్వండి అన్నారు మేడం.

"గిదేంది మేడం, మీరు గూడ దెయ్యాన్ని నమ్ముతున్నరా?"

"దెయ్యాన్ని కాదండీ. నేను నమ్మనిది ఆ నేలని."

"మరి ఆధారం చూపెట్టుండ్రి."

"నా దగ్గర ఉన్నది అనుమానమే. కింద ఏముందో నాకు తెలీదు. పిల్లల్ని పడుకోబెడతామనే వాళ్లే కదండీ ఆధారం చూపించాలి?"

చేతులెత్తమంటే మేడం వైపు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ నిట్టూర్పు నా చీలమండ మీద ఇంకా ఉన్నా, అది చెప్తే బృందం నవ్వుతుందని భయపడ్డాను.

అనుకున్న రోజు సాయంత్రం పిల్లలు బస్సు దిగుతున్నారు. రంగురంగుల టెంట్లు అప్పటికే వరసగా నిలబడ్డాయి. మేడం గేటు దాటి తిన్నగా మొదటి టెంట్ దగ్గరికి వెళ్లి మేకులు పీకడం మొదలుపెట్టారు. సుత్తి కూడా వాడలేదు, మేకులు వేళ్లకే ఊడి వచ్చేస్తున్నాయి. టెంట్లు ఒకటొకటే నిట్టూర్చి కూలుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు, పెద్దవాళ్లు గొణుక్కున్నారు. నరహరి గొంతు పెంచి, నిమ్మకాయలు గూడ తెమ్మంటరా మేడం అన్నాడు. అందరూ నవ్వారు. "తెండి, మజ్జిగలోకి పనికొస్తాయి. ముందు పిల్లల్ని రోడ్డు అవతలికి నడిపించండి" అన్నారు ఆవిడ, చెయ్యి ఆపకుండానే. ఆ నవ్వులో నేను కలవలేకపోయాను. వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని రెండో టెంట్ మేకు పట్టుకున్నాను. నా వేళ్ల మధ్యే అది మెల్లగా వాలడం తెలిసింది.

పిల్లల్ని రోడ్డు అవతల ఉన్న పరుపు బండ మీదికి చేర్చాం. నరహరి మాత్రం తన పసుపు టెంట్ వదలనన్నాడు, లోపల కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మేడం వెళ్లి ఆయన ఎదురుగా చాప పరిచి కూర్చున్నారు. మీరు పొండి అన్నాడాయన. మీరు లేస్తేనే లేస్తానన్నారు ఈవిడ. నేను టెంట్ గుమ్మం దగ్గర నిలబడ్డాను. బయట బండ మీద పిల్లల పాటలు, ఇక్కడ కాళ్ల కింద ఆ నిట్టూర్పు. ఆయన ఎంతసేపు ఓర్చుకున్నాడో నాకు గుర్తులేదు గానీ, చివరికి లేచి, "మీ మొండితనానికి దండం మేడం. మీ ముఖం చూసి లేస్తున్న, దెయ్యానికి గాదు" అని విసవిసా వెళ్లిపోయాడు. టెంట్ అక్కడే వదిలేశాడు.

బండ పగటి ఎండని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత చల్లబడితే దొరికిన పట్టాలన్నీ పిల్లల కింద పరిచాం. తెల్లారుతుండగా బాలమణి అరుపు విని లేచాం. జాగా మధ్య నేల గిన్నెలా దిగిపోయింది. అడుగున నల్లటి నీళ్లు, నీళ్ల మీద పసుపు గుడ్డ అంచు. మేం చూస్తుండగానే అది పడమటికి జరిగి మునిగింది. ఏ చప్పుడూ లేదు. మూలుగు కూడా లేదు, ఆ తర్వాత ఎప్పుడూ వినపడలేదు. అది పాత రాతి క్వారీ అని, చెత్తా ఇళ్ల శిథిలాలూ పోసి పైన మొరం కప్పారని నార్సింగి పాతకాపులు తర్వాత చెప్పారు. వాన నీళ్లు లోపల దారి చేసుకుంటూ, పైనేలని పడమటికి వాలుస్తూ, ఇరుక్కున్న గాలిని నెర్రెల్లోంచి బయటికి తోశాయి. సంగతి ఇంతే. ఇంతే అని తెలిశాక నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. దెయ్యమైతే ఎవరో ఒకరి మీద పగబట్టి ఉండేది. ఆ గోతికి మా మీద ఏ పగా లేదు, అది ఎవరినైనా మింగేదే.

అసలు దెబ్బ మేడంకి ఆ తర్వాత తగిలింది. మేడంకి ముందే కనబడిందట, ఆమెలో ఏదో ఉందట అని మాట పాకింది. బోరు ఎక్కడ వెయ్యాలి, ఏ ఫ్లాట్ కొనాలి అని ఇంటికి వచ్చేవారు. ఒకరోజు నరహరి కూడా వచ్చి, మీకెట్ల తెలిసింది మేడం అని చేతులు జోడించాడు. ఆయన వేసిన నిమ్మకాయల ఎత్తిపొడుపుకి చలించని మనిషి, ఆ జోడించిన చేతులు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "నన్ను అమ్మవారిని చెయ్యకండి నరహరి గారూ. నేను మేకు కొట్టాను, అంతే. మీరూ కొట్టుండొచ్చు." అడగడానికి వచ్చిన ప్రతి మనిషికీ సుత్తి ఇచ్చి పంపేవారు. చాలామంది దాన్ని గేటు దగ్గరే వదిలి వెళ్లిపోయేవారు. వాళ్లకి కావలసింది జవాబు, కొట్టి చూసే శ్రమ కాదు.

మేడం ఇప్పుడు లేరు. కోరుకున్నట్టే దేహాన్ని వైద్య కళాశాలకి ఇచ్చేశాం. "ఆధారం ఏది?" అని నేను ఇప్పటికీ అడుగుతాను. కాకపోతే భయపడే వాళ్లని ఆ మాటతో వెక్కిరించను, ధైర్యంగా ఉండమని చెప్పే వాళ్లని ముందు అడుగుతాను. ఆ గోతిని మళ్లీ పూడ్చారు. పైన చదును చేసి, చుట్టూ రేకులు కొట్టి, ఆకాశమంత ఇళ్ల బొమ్మ వేలాడదీశారు. భూమిపూజ ఘనంగా జరిగింది. అక్కడ మళ్లీ పిల్లలు పడుకోబోతున్నారు. కింద ఎంత లోతున గట్టి రాయి తగిలిందని అమ్మకాల ఆఫీసులో అడిగితే, వాస్తు పక్కాగా ఉంది మేడం అన్నారు. నేను ఒక్కదాన్ని అడిగితే చాలదు. మీరు కొనబోయే ఇల్లు ఎక్కడున్నా, ఇప్పటికే ఉంటున్నది ఎక్కడున్నా, ఈ వారమే వెళ్లి అడగండి: ఇది ఇంతకుముందు ఏమిటి, దేనితో పూడ్చారు, మట్టి పరీక్ష ఎవరు చేశారు? నవ్వితే నవ్వనివ్వండి. జవాబు చేతికి వచ్చే దాకా అక్కడి నుంచి లేవకండి.