విజిల్ మోగాకే ఉలి: నంద్యాలలో ఒక ఫైనల్

ఏటా జాతీయ ఫుట్‌బాల్ కప్పు ఫైనల్‌కి వెళ్లడం నాకు అలవాటు. పండక్కి చీర కొనడమైనా మానేస్తాను గానీ అది మానను. ఈసారి కోల్‌కతాలో ఉప్పూనిప్పూ లాంటి రెండు క్లబ్బులు ఫైనల్‌కి వచ్చేసరికి టికెట్లు నిమిషాల్లో అయిపోయాయి. ఆఫీసులో మొహం వేలాడేసుకుని కూర్చున్న నన్ను చూసి, నంద్యాల నుంచి వచ్చిన మా శిరీష, "అదే ఆదివారం మా ఊళ్లో గూడ ఫైనలే. నంద్యాల, ఆళ్లగడ్డ. పోయి సూడు, పగంటే ఏందో తెలుస్తాది" అంది. ఒకదానికొకటి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ల మ్యాచ్‌కి హైదరాబాద్ నుంచి ఎవరు పోతారని నవ్వాను. శుక్రవారం కల్లా ఆ పోయేదాన్ని నేనే అయ్యాను.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బస్సెక్కితే కర్నూలు మీదుగా పదకొండున్నరకి నంద్యాలలో దిగాను. టికెట్ ఆరు వందల లోపే. బస్టాండు ఎదుట ఒక బండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు యాభై రూపాయలకి తిన్నాను. కర్నూలులో టిఫిన్ చేయకుండా ఆకలి దాచుకోవడం ఈ ప్రయాణంలో నేను చేసిన మొదటి తెలివైన పని. మ్యాచ్ చూడ్డానికి వచ్చానంటే బండి ఆవిడ జల్లిగరిటె ఆపేసింది.

"ఎవురి పక్కమ్మా?"

"ఎవరి పక్కా కాదు. ఊరికే చూసి పోతాను."

"ఊరికే సూసేకి ఇంత దూరం వస్తారా ఎవురన్నా? నంద్యాల అను, ఇంగో బజ్జీ ఏస్తా."

బజ్జీకి అమ్ముడుపోయి నంద్యాల అన్నాను. ఆ మాట నాలుగింటి దాకా కూడా నిలవలేదు.

గ్రౌండుకి ఆటోలో అరవై రూపాయలు. "పోయినేడు ఆళ్లగడ్డోళ్లు సగం పేరు రాసుకొని ఇంటికి పోయినారక్కా," అని ఆటో అతను దారంతా పగలబడి నవ్వాడు. సగం పేరేమిటని అడిగితే, "ఆడ ఓబులేసన్న ఉంటాడు, ఆయప్పనే అడుగు" అన్నాడు. మ్యాచ్ నాలుగింటికి. మూడింటికే గడ్డి గట్టు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. టికెట్ లేదు, ఎవరికి దొరికిన చోట వాళ్లు కూర్చోవడమే.

గీతకి అవతల ఒక బల్ల, దాని మీద ఇసుక మూట, మూట మీద కప్పు. వెండిదీ ఇత్తడిదీ కాదు, నల్లరాయిది. కలశంలా ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. పక్కనే కుర్చీలో ఓబులేసు కూర్చుని ఉన్నాడు. వయసు యాభై దాటింది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి, ఆళ్లగడ్డ జట్టుకి పెద్ద కూడా ఆయనే. వాళ్ల నాన్న చివరగా చెక్కిన రాయి ఈ కప్పేనట. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ఫైనల్ కాగానే గెలిచిన ఊరి పేరు కప్పు మీద ఓబులేసు అక్కడికక్కడే చెక్కాలి. పేరు పూర్తయ్యేదాకా కప్పు ఎవరికీ ఇవ్వరు. దుమ్ము లేవకుండా ఓడిన జట్టు పెద్ద ఆ రాతి మీద నీళ్లు పోస్తూ ఉండాలి. అయిదేళ్లుగా గెలిచింది నంద్యాలే. కాబట్టి కాసేపు ఉలి పట్టుకుని, కాసేపు చెంబు పట్టుకుని, ఎదుటి ఊరి పేరు చెక్కిందీ నీళ్లు పోసిందీ ఓబులేసే.

కప్పు చుట్టూ తిరిగి చూస్తే అయిదు చోట్ల నంద్యాల అని ఉంది. అయిదో దానికి పైన "ఆళ్ల" అని మాత్రమే ఉంది.

"అదేనా సగం పేరు?" అన్నాను. ఆయన తల వంచుకోలేదు.

"అదేక్కా. పోయినేడు రెండొకటితో ముందరుంటిమి. ఇంగ పది నిమిషాలే ఉండాది. మొబ్బు పడతాండాది, చీకటయితే అచ్చరాలు కనపడవని ముందే ఉలి పెట్టినా. రెండు అచ్చరాలు అయినాయో లేదో, ఈళ్లు రెండు గోల్లు ఏసిరి. కాగితమైతే చించేద్దుం. రాయిని ఏం జేస్తాం?"

నంద్యాల జట్టు పెద్ద, కోచ్ కూడా అయిన ఏలియా మాస్టరు అప్పుడే వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. "అరగదీస్తానన్యాడు, నేనే వద్దంటి. జరిగింది జరిగినట్ల ఉండల్ల గదా," అన్నాడు. మాట న్యాయంగానే ఉంది, నవ్వు మాత్రం న్యాయంగా లేదు. ఏడాదిగా ఏ పెళ్లికి పోయినా, ఏ సంతకి పోయినా ఓబులేసుని "మిగతా సగం ఎప్పుడన్నా?" అని అడుగుతూనే ఉన్నారట. నాకు కడుపు మండింది. బజ్జీ ఆవిడకి ద్రోహం చేసి అక్కడికక్కడే ఆళ్లగడ్డ పక్క చేరిపోయాను.

మ్యాచ్ మొదలైన పావుగంటకే నంద్యాల గోలు కొట్టింది. హాఫ్‌టైమ్‌కి ముందు ఆళ్లగడ్డ సమం చేసింది. రెండో సగంలో ఆళ్లగడ్డ కుర్రాడు కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో లోపలికి పెట్టేశాడు. రెండొకటి. ఇంకా పది నిమిషాలు. సరిగ్గా పోయినేడు లాగే. గట్టు మీద నంద్యాలవాళ్లంతా గొంతు కలిపి, "ఓబులేసన్నా, ఉలి దీయి! మొబ్బు పడతాండాది!" అని అరిచారు. ఆయన ఉలీ సుత్తీ తువ్వాల్లో మూటగట్టి, దాని మీద కూర్చున్నాడు.

ఆఖరి నిమిషంలో నంద్యాలకి పెనాల్టీ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను, కళ్లు మూసుకున్నాను, అలా మూసుకోవడానికా ఇంత దూరం వచ్చిందని మళ్లీ తెరిచాను. ఆళ్లగడ్డ గోల్‌కీపర్ మస్తాన్, ఓబులేసు దగ్గరే విగ్రహాలకి పాలిష్ పట్టేవాడు, కుడివైపుకి దూకి రెండు చేతులతో బంతిని బయటికి నెట్టేశాడు. ఆ వెంటనే విజిల్. ఆళ్లగడ్డ గెలిచింది! నేను ఎవరో తెలియని ఒక పెద్దాయన భుజం పట్టుకుని ఊపేశాను. ఆయనా నన్ను ఊపేశాడు.

ఓబులేసు తువ్వాలు విప్పాడు. అందరం సగం పేరు దగ్గరికి తల వంచాం. ఆయన ఉలిని అక్కడ పెట్టలేదు. దాన్ని దాటి, అయిదో నంద్యాల కింద ఖాళీ జాగాలో పెట్టాడు.

"ఏందన్నా, ఆ సగం నింపవా?" అన్నాడు మస్తాన్.

"అది పోయినేటి మ్యాచ్. అది మనం ఓడిపోయిండేది. ఇది యేరే," అని మొదటి దెబ్బ కొట్టాడు.

ఏలియా మాస్టరు చెంబు అందుకున్నాడు. "అయిదేండ్లు నువ్వే పోసుకుంటివి గదా ఓబులేసూ, ఈ పొద్దు నేను పోస్తా," అని అరగంటసేపు నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా బురదైంది. ఆఖరి అక్షరం పూర్తవగానే చెంబు పక్కన పెట్టి ఓబులేసుని గట్టిగా కావలించుకున్నాడు.

ఆళ్లగడ్డకి మామూలుగా బస్సులో గంట, అరవై డెబ్బై రూపాయలు. నన్ను మాత్రం వాళ్లు బస్సెక్కనివ్వలేదు. బొలెరో ట్రక్కులో గోనెసంచుల మధ్య కప్పు, ముందు సీట్లో నేను, వెనక రెండు ట్రాక్టర్ల జనం, దారి పొడుగునా తప్పెట్లు. ఏడున్నరకి శిల్పుల వీధిలో ఆగితే హారతి పళ్లెంతో ఓబులేసు భార్య లక్ష్మీదేవి ఎదురొచ్చింది. హారతి ఇచ్చి, కొత్త అక్షరాలని వేలితో తడిమింది.

"మన పేరు బో లోతుగా కొట్టినావే," అంది మురిసిపోతూ.

"అన్నీ ఒగటే లోతు. కావాలంటే పుల్ల పెట్టి సూడు."

ఆమె ఊరుకోలేదు. చీపురుపుల్ల తెచ్చి ఆళ్లగడ్డ పేరులో దించి, గోటితో గుర్తు పెట్టి, అయిదు నంద్యాలల్లోనూ దించి చూసింది. ఆరుచోట్లా గుర్తు దగ్గరే ఆగింది. ఆమె పుల్ల పారేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పెద్ద పెద్ద స్టేడియంలలో ఎన్నో ఫైనళ్లు చూశాను. గెలిచినవాళ్లని చూసి అసూయపడ్డాను, ఓడినవాళ్లని చూసి జాలిపడ్డాను. ఎవరికీ దండం పెట్టాలనిపించలేదు. ఆ రాత్రి జొన్నరొట్టె తింటూ ఓబులేసుని చూస్తే పెట్టాలనిపించింది. అయిదేళ్లు ఓడి, నవ్వులపాలై, అయినా ఎదుటి ఊరి పేరుని తన ఊరి పేరంత లోతుగానే చెక్కాడు. గెలుపు ఆయనకి ఈ ఆదివారమే వచ్చిందని నేననుకోను, ఊరికి తెలిసింది మాత్రం ఈ ఆదివారమే.

మీరూ వెళ్లేట్టయితే ఒక్క మాట. నంద్యాలలో లాడ్జి ముందే బుక్ చేయకండి. నా తొమ్మిది వందలు అలాగే పోయాయి. ఏ ఊరు గెలిస్తే ఆ ఊరివాళ్లే మిమ్మల్ని బండెక్కించుకుని పోతారు, ఆ పూట అన్నమూ పడకా అక్కడే.