రోజుకు యాభై ఐదు వేల మోకాలు

పోయినవాటిని ముందు రాస్తాను. న్యాల్‌కల్ తోవలో మా అక్క పేర ఉన్న పదిహేను గుంటల చెలక, ఆరు లక్షలకు. ఆమె మెడలోని మూడు తులాల బంగారం, రెండు లక్షల నలభై వేలకు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీది రెండు ధాబాలకు రోజూ పోయే నూట అరవై జొన్న రొట్టెల ఖాతా. ఆ రొట్టెలు ఇప్పుడు మరొకామె చేస్తోంది. అంచులు పగిలి ఉంటాయి, అయినా ధాబావాళ్లకు పట్టింపు లేదు. అడ్తి దుకాణంలో నా ఇరవై రోజుల జీతం. వీటితోపాటు, లెక్క తప్పని మనిషినని జహీరాబాదులో నాకున్న పేరు. ఆ చివరిదానికి ధర కట్టలేదు. కట్టినా పెద్దగా రాదని ఇప్పుడు తెలుసు.

నేను చదివింది ఏడో తరగతి. మిగతాది ఆలుగడ్డ, అల్లం బస్తాల మధ్య నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లుగా అడ్తిలో, అంటే రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే దుకాణంలో, గుమాస్తాను. బ్యాంకు కాగితాలు పట్టుకొని టీచర్లు కూడా నా దగ్గరికి వస్తారు, వడ్డీ సరిగ్గా వేశారో లేదో చూడమని. చూసి చెప్తాను. చెప్పేటప్పుడు కొంచెం గర్వంగానే చెప్పేవాణ్ణి.

అక్క నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. బావ పోయాక పొయ్యి ముందు కూర్చొని, ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, పీట మీద రొట్టెలు కొట్టి బతికింది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. మడిచిన కాలే ముందు పాడైంది. కుడి మోకాలు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే: మళ్లీ ఆ పీట ముందు కూర్చోవడం.

మొదట హైదరాబాదు తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి మోకాలు మార్చాలన్నాడు. రెండు లక్షల ఎనభై వేలు, నాలుగు రోజులు ఆస్పత్రిలో.

“రొట్టెలు మానమంటలేనమ్మా. గద్దె కట్టించుకొని నిలబడి చెయ్యి. కింద కూసునుడు మాత్రం బంద్. ఇంకో మాట, ఆపరేషన్ నాది సగమే. కసరత్తు నీది సగం. రెండు నెలలు రోజూ నన్ను తిట్టుకుంట చేస్తవు.”

బయటికి వచ్చాక అక్క నన్నే తిట్టింది.

“మోకాలు బాగుజేస్తడట, కూసోవద్దట. పెండ్లి చేస్త గని పిల్లనియ్య అన్నట్టున్నది. నిలవడి కొడ్తె రొట్టెకు బలమెక్కడిది రా?”

ఆ వరండాలోనే ఒమన్ నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన కొడుకు కూర్చొని ఉన్నారు. కొడుక్కి హిందీ వచ్చు. సముద్రం దాటి, మాకు రెండు గంటల బస్సు దూరంలో ఉన్న దవాఖానకే ఎందుకు వచ్చారని అడిగాను. ఈ డాక్టరు దగ్గర మోకాలు మార్పించుకున్న తమ ఊరివాళ్లు తొమ్మిది మంది ఉన్నారట. వాళ్లు ఏడాది తర్వాత మెట్లెలా ఎక్కుతున్నారో చూసి బయలుదేరారట. కసరత్తు కోసం ఆస్పత్రి వెనకాల రెండు నెలలకు గది తీసుకున్నారు.

“మోకాలికి వచ్చిన్రా, ఇల్లరికం వచ్చిన్రా?” అని అక్క నా చెవిలో అంది. నేను నవ్వాను. రెండు నెలల బాడుగ దండగని మనసులో లెక్క కూడా వేశాను. దేశం కాని దేశానికి వైద్యానికి పోయేవాడు ఏం అడిగి పోవాలో ఆ కొడుకు నా ముందు కూర్చొని పూర్తిగా చెప్పాడు. నేను బాడుగ లెక్కవేశాను.

తర్వాతి నెల హైవే మీది ఒక హోటల్‌లో ఉచిత సలహా సభ, భోజనంతో సహా. పెట్టినవాడు ఒకప్పుడు మా పేటలోనే ఇన్వర్టర్లు అమ్మాడు. ఇప్పుడు కోటు వేసుకొని బ్యాంకాక్‌కు రోగులను పంపిస్తున్నాడు. గోడ మీద ముప్పై ఎనిమిది బొమ్మలు చూపించాడు. లెక్కపెట్టడం నా అలవాటు. భోజనాలవి పదకొండు, ఆస్పత్రి ముందు హాలువి ఆరు, నర్సులు వంగి దండం పెట్టేవి ఐదు, ఈతకొలనువి నాలుగు, మిగిలిన పన్నెండు విమానాలు, బజార్లు. మోకాలి బొమ్మ ఒక్కటీ లేదు. అదీ గమనించాను. గమనించి బిర్యానీ తిన్నాను.

అక్క ఒక్కటే అడిగింది. “కింద కూసోవచ్చునా?”

“అక్కా, జర ఇను,” అన్నాడు వాడు. “ఆ దేశంల ముసలోళ్లు గూడ కిందనే కూసుంటరు, కిందనే తింటరు. ఆడి డాక్టర్లు ఏసే మోకాలు గట్లనే ఉంటది. మనోళ్లు ఏసేది కుర్చీల కూసునేటోళ్ల మోకాలు. పద్నాలుగు రోజులల్ల నడుసుకుంట ఇమానం ఎక్కుతవు. ఫికర్ వద్దు.”

అక్క ముఖం వెలిగింది. ఏ దేశానికి పోవాలన్నది ఆమెకు అక్కడే తేలిపోయింది: జనం కింద కూర్చునే దేశానికి.

ఆమె చదువుకోలేదు, నమ్మింది. నా సంగతి చెప్పాలి. అడ్తిలో ఆలుగడ్డను కోల్డ్ స్టోరేజీలో పెడితే బాడుగ రోజుల లెక్కన చూస్తాం. ఎక్కువ రోజులు ఉంచి రోజుకు తక్కువ తీసుకునేవాడు మంచివాడు. బ్యాంకాక్ ప్యాకేజీ ఏడు లక్షల డెబ్బై వేలు, పద్నాలుగు రోజులు. రోజుకు యాభై ఐదు వేలు. హైదరాబాదు రోజుకు డెబ్బై వేలు. రోజుకు పదిహేను వేల లాభం, పద్నాలుగు రోజులకు రెండు లక్షల పది వేలు. కాగితం మీద వేసి, కింద రెండు గీతలు గీసి, అందరి ముందూ చదివాను. నాలుగు లక్షల తొంభై వేలు ఎక్కువ కట్టి రెండు లక్షల పది వేలు మిగిలాయన్నాను. మా అక్కను బస్తాలా లెక్కగట్టాను.

కోటు మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. “అరె అన్నా, గిది నాకే తోచలే!”

చెలక పోయింది, బంగారం పోయింది. నా టికెట్టు, తిండి యాభై ఎనిమిది వేలు. పాస్‌పోర్టులు, సూట్‌కేసు, బట్టలు పన్నెండు వేలు. అమ్మిన డబ్బు రూపాయి మిగలకుండా సరిపోయింది. అంత బాగా కుదిరిన లెక్క నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరును ఒక్క మాట అనను. కోత శుభ్రంగా మానింది. ఏడో రోజున హోటల్‌కు మార్చారు. కసరత్తు చేయించడానికి ఒకామె ఐదుసార్లు వచ్చింది. కాలు వంచితే అక్క గోడలు అదిరేలా అరిచేది. మూడోసారి నేనే ఆమెను చెయ్యి ఊపి పంపేశాను, ఈ రోజుకు చాలని. ఆ సాయంత్రం ప్యాకేజీలోని పడవ షికారు. డబ్బు కట్టాం కదా, వదులుకోవడం దేనికని అక్కను చక్రాల కుర్చీలో తోసుకుపోయాను.

అక్క దారి పొడుగునా చూస్తూనే ఉంది. ఆస్పత్రిలో కుర్చీలు, హోటల్‌లో కుర్చీలు, వీధిలో నూడుల్స్ అమ్మే ముసలమ్మకు కూడా ప్లాస్టిక్ స్టూలు.

“కింద కూసున్నోళ్లు ఏరి రా తమ్మీ?”

“గుళ్లల్ల కూసుంటరట అక్కా.”

“అయితే నన్ను గుళ్లెనే ఇడిసిపెట్టి పో.”

ఇంటికి వచ్చాక కాలు కట్టెలా అయింది. కోటు మనిషి ఫోన్‌లో బ్యాంకాక్ డాక్టరు సహాయకుణ్ణి చూపించాడు, నాలుగు నిమిషాలు. అతను తన భాషలో ఏదో అన్నాడు, కోటు మనిషి “అంత మంచిగనే ఉందంటున్నడు” అన్నాడు. నాలుగు నెలలకు సిగ్గు విడిచి హైదరాబాదు డాక్టరు దగ్గరికే పోయాం. ఆయన బ్యాంకాక్ కాగితాల్లో అంటించిన మోకాలి చీటీ చదివాడు. ఆయన వేసే మోకాలూ అదే కంపెనీదట, అదే రకమట.

“కసరత్తు ఎన్ని దినాలు చేసిండ్రు?”

“ఐదు” అన్నాను. అందులో ఒకటి నేను ఆపించిందని చెప్పలేదు. మత్తిచ్చి వంచే సమయం కూడా దాటిపోయిందని, ఇక మీ ఊరి సర్కారు దవాఖానలో రోజూ వంచడమే దారి అని పంపించాడు.

కోటు మనిషి ఇప్పటికీ సభలు పెడుతున్నాడు. రోజు లెక్క చెప్తున్నాడు, డెబ్బై వేలకు యాభై ఐదు వేలకు తేడా. జహీరాబాదులో పేరున్న లెక్కల మనిషి వేసిన లెక్క అని కూడా చెప్తున్నాడట. మొన్న ఝరాసంగం నుంచి ఒక రైతు వచ్చి అది నిజమేనా అని అడిగాడు. వేసింది నేనేనని, తప్పని చెప్పాను. అతను నన్ను అనుమానంగా చూశాడు. కమీషన్ దగ్గర తగాదా వచ్చిందని అనుకొని ఉంటాడు.

సర్కారు దవాఖానలో కసరత్తు చేయించే ఆమె ప్లాస్టిక్ కొలబద్ద మోకాలికి ఆనించి డిగ్రీలు చెప్తుంది. మొదటి రోజు యాభై రెండు. ఏడు నెలల్లో, అక్క అరుపులతో, నేను భుజాలు పట్టుకొని ఉండగా, ఎనభై ఆరు వచ్చింది.

“కుర్చీల కూసునేందుకు ఇంకింత వస్తె చాలు పెద్దమ్మా.”

“కుర్చీ ఎవరికి గావాలె? పీట ముంగట కూసోవాలంటే ఎంత?”

“నూట ముప్పై దాకా వంగాలె. గంత అడగకు. డాక్టరు గూడ వద్దన్నడు గద.”

అక్క ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

“లెక్కలోడివి గద. ఇంకెంత బాకీ ఉన్నవో చెప్పు.”

చెప్పాను. నలభై నాలుగు.