షార్జా నీళ్లకు నెరిసిన జుట్టు

ఫిర్దౌస్ కొడుక్కి షార్జా నీళ్లు పడక జుట్టు నెరిసిందని మార్కాపురం పలకల వీధిలో ఒక మాట పుట్టింది. పోయేటప్పుడు నల్లగా నిగనిగలాడిన తల. రెండు వారాలకు తిరిగొచ్చేసరికి కుడిచెవి వెనక, బొటనవేలు ఆనించినంత మేర, పాలలో ముంచి తీసినట్టు తెల్లబడింది. అక్కడ సముద్రపు నీళ్లకే ఉప్పు తీసి కొళాయిల్లో వదులుతారట. ఆ నీళ్లతో పెద్దవాళ్లకే జుట్టు నిలవదట, ఇక పది నెలల పసివాడి సంగతి చెప్పేదేముంది! పక్కింటి సరోజమ్మ జాలిపడి, జుట్టు నల్లబడుతుందని గుంటగలగరాకు నూరి గిన్నెతో పంపింది. ఫిర్దౌస్ గిన్నె తీసుకుంది, సాయంత్రానికి కడిగి తిరిగి పంపింది. ఔనని అనలేదు, కాదనీ అనలేదు.

అందులో నీళ్ల తప్పేమీ లేదు. ఆ బిడ్డ ఆ తెల్లకుచ్చుతోనే పుట్టాడు. పది నెలలు అది ఎవరికీ ఎందుకు కనపడలేదో, షార్జా దాకా పోయి ఎట్లా బయటపడిందో, మొదటినుంచి చెబితేనే తెలుస్తుంది.

ఫిర్దౌస్ పలకలు చేసేవాళ్ల ఇంటి పిల్ల. వాళ్ల నాయన రాయి చీల్చేవాడు, పెళ్లికి ముందు ఆమె కూడా పలకలకు చట్రాలు బిగించింది. రాయిని గట్టిగా కొడితే ముక్కలవుతుందని, పొర ఎక్కడుందో వెతికి, ఉలి ఆనించి మెల్లగా తట్టుకుంటూ పోతే దానంతట అదే విచ్చుకుంటుందని చిన్నప్పటినుంచి చూసిన మనిషి. మూడేళ్ల కిందట అల్తాఫ్‌తో నిఖా అయింది. అతను షార్జాలో ఏసీలు బాగుచేస్తాడు. అతని అక్క ఖుష్బూ, మొగుడితో అక్కడే కాపురం. తమ్ముడికి తన మొగుడి తరఫు పిల్లను చేసుకోవాలని ఖుష్బూ ఆశపడింది. జరగలేదు. పలకల దుమ్ము అంటిన పిల్ల మరదలిగా వచ్చిందని ఆమెకు కడుపుమంట.

ఆ పెళ్లికొచ్చినప్పుడే ఒక సంగతి జరిగింది. కొత్తకోడలిని ఖుష్బూ గదిలోకి పిలిచి తలుపు గొళ్లెం పెట్టింది. జడ విప్పి, చేతికి రంగు బ్రష్షు ఇచ్చింది.

"చెవి వెనక చూసి పెట్టు దుల్హన్. నేను చూసుకోలేను, నాకు అందదు."

ఫిర్దౌస్ జుట్టు పాయ తీసింది. కుడిచెవి వెనక తెల్లగా ఒక కుచ్చు. చుట్టూ జుట్టంతా నల్లగానే ఉంది.

"ఇది మా అబ్బాకు ఉండేది. నాకొచ్చింది, అల్తాఫ్‌కు రాలేదు. పదేళ్ల పిల్లప్పటినుంచి మా అమ్మ రంగేసేది. మా ఆయనకు కూడా తెల్దు. ఎవరికన్నా చెప్తివంటే చూడు!"

ఫిర్దౌస్ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు గనక కాదు, మాట ఇచ్చింది గనక చెప్పలేదు.

అల్తాఫ్ రెండు నెలల సెలవు మీద వచ్చి వెళ్లిన ఎనిమిదో నెలలో యాసిర్ పుట్టాడు. సెలవు రెండు నెలలు, ఆపైన ఎనిమిది. ఎవరు లెక్కేసినా సరిపోతుంది. కానీ బిడ్డ పుట్టిన ఆ శుక్రవారం షార్జాలో ఖుష్బూ ఇంట బిర్యానీకి మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు వాళ్లు పదకొండు మంది చేరి ఉన్నారు. ఇక్కడ బాలింత మంచం చుట్టూ వీధి ఆడవాళ్లు. నడుమ వీడియో కాల్, రెండువైపులా స్పీకర్. ఖుష్బూ ఫోన్ దగ్గరగా పెట్టుకుని బిడ్డను చూసింది.

"ఎవరి పోలికో ఏమో గాని, మా ఇంటి పోలికైతే కాదు."

అక్కడ ఎవరో కిసుక్కుమన్నారు. అల్తాఫ్ కూడా నవ్వాడు. ఏమనాలో తెలియని నవ్వే అయినా నవ్వు నవ్వే కదా. ఇక్కడ మంచం పక్కనున్న ఎదురింటి మార్తమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇద్దరు ముగ్గురు వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టడం ఫిర్దౌస్ తన కళ్లతో చూసింది.

మూడోరోజు బిడ్డకు నీళ్లు పోస్తుంటే, తడిసి అణిగిన జుట్టులో, కుడిచెవి వెనక, తెల్లకుచ్చు కనపడింది. ఆమె చెంబు పక్కన పెట్టి మామగారిని కేకేసింది. మహబూబ్ బాషాకు ఇప్పుడు తలంతా ముగ్గుబుట్టే, ఏది పుట్టుతెలుపో ఏది వయసుతెలుపో ఎవరు చెప్పగలరు? ఆయన వంగి చూశాడు. చూస్తూ చూస్తూ తన చెవి వెనక తడుముకున్నాడు.

"ఫోన్ ఇట్లియ్యమ్మా. ఇప్పుడే ఖుష్బూను నిలబెట్టి అడుగుతా."

"వద్దు మామూ."

"ఏంది వద్దు? ఇంత మాటన్నదాన్ని!"

"మీరు చెప్తే కోడల్ని ఎనకేసుకొస్తాడు ముసలాయన అంటారు. నేను చెప్తే నేనే పూసినానంటారు. ఎవరు అన్నారో వాళ్ల చేతితోనే బయటికి రావాల. అన్నప్పుడు ఎవరు విన్నారో వాళ్ల ముందరే రావాల."

ఆ మధ్యాహ్నమే ఆముదపు దీపం మీద రాగి చెంబు బోర్లించి కాటుక పట్టింది. నెయ్యితో నూరి డబ్బీకెత్తింది. చెవి వెనక దిష్టిచుక్క ఏ ఇంట్లోనైనా పెడతారు, యాసిర్‌కు మాత్రం చుక్క కాదు, ముద్దే. రోజుకు రెండుసార్లు. దిండు గలేబులన్నీ నల్లబడ్డాయి. "బిడ్డకా దిష్టి, బొగ్గుల బస్తాకా?" అని మార్తమ్మ ఎగతాళి చేస్తే ఫిర్దౌస్ కూడా నవ్వేది.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డకు మొదటిసారి తల గొరిగించేటప్పుడు మేనత్త ఒళ్లో కూర్చోబెట్టుకుని తన చేత్తో తల తడపాలి. ఏడోరోజు కావలసింది, తండ్రి ఊళ్లో లేడని ఆగింది. బిడ్డకు ఎనిమిదో నెల వచ్చాక ఫిర్దౌస్ మొగుడికి ఫోన్ చేసింది.

"మీకు సెలవు లేదు గదా, మేమే వస్తాం. తల గొరిగే ముచ్చట అక్కడే చేద్దాం. ఖుష్బూ ఆపా ఒళ్లో."

అల్తాఫ్ పొంగిపోయి విజిట్ వీసా తీశాడు. మరదలు దారికొచ్చిందని, తన ఒడి కోసం సముద్రం దాటి వస్తున్నదని ఖుష్బూ అందరికీ చెప్పుకుంది. చెప్పుకోనిచ్చింది ఫిర్దౌస్. "ఆ రోజు బిర్యానీకి వచ్చినోళ్లందరినీ పిలవండి ఆపా, ఒక్కరు తగ్గినా బాగుండదు" అని తనే అడిగింది.

హైదరాబాదు విమానాశ్రయంలో ఒళ్లో బిడ్డ, భుజాన రాగిజావ పొడి, గుడ్డలు ఉన్న సంచి. తనిఖీ దగ్గర కుర్రవాడు తెర మీద నల్లటి బిళ్ల చూసి, "అమ్మా, ట్యాబ్ బయట పెట్టండి" అన్నాడు.

"ట్యాబ్ కాదు నాయనా, పలక."

"ఏ కంపెనీ?"

"మార్కాపురం."

తీసి చూపిస్తే అతను వేలితో గీసి చూసి నవ్వుకున్నాడు. గిద్దలూరు అరుణకుమారి, ఇంటర్‌లో ఫిర్దౌస్ పక్కన కూర్చున్న పిల్ల, ఇప్పుడు షార్జాలో నర్సు. తన కూతురు అక్షరాలు దిద్దడానికి రాతిపలకే కావాలని అడిగింది. విమానం పైకి లేస్తుంటే చెవులు నొప్పెట్టి యాసిర్ గుక్కపట్టాడు. రొమ్ముకు అదుముకుని పాలిచ్చి ఊరుకోబెట్టేసరికి చెమటకు కాటుకంతా ఆమె చెయ్యికి అంటింది. తెల్లకుచ్చు సగం బయటపడింది. పక్క సీటు ఆయన బిడ్డ వంక చూడబోతే కొంగు కప్పేసి, ఆ ఇరుకు బాత్రూములోకి పోయి, బిడ్డను మోకాళ్ల నడుమ ఇరికించుకుని డబ్బీ తెరిచింది. పది నెలలు కాపాడింది గాలిలో పోగొట్టుకుంటుందా?

దిగాక అల్తాఫ్ ఎదురొచ్చి కొడుకును అందుకున్నాడు. తల ముద్దుపెట్టుకోబోయాడు.

"చెవి దగ్గర ముట్టుకోవద్దండి, దిష్టి కాటుక."

"కన్నతండ్రి దిష్టి కూడానా!"

ఫిర్దౌస్ అతని ముఖంలోకి చూసింది. ఆ రోజు నవ్వు గురించి ఏమన్నా అంటాడేమోనని. సామాను ఎన్ని అని అడిగాడు.

రెండు రోజులు స్నేహితుల ఇళ్లు తిరిగారు. పలక అందుకున్న అరుణకుమారి, అల్తాఫ్ బయటికి పోగానే గొంతు తగ్గించింది.

"ఆ శుక్రవారం నేనూ ఉన్నానే. ఒక్క మాట అనలేకపోయినా. ఇప్పటికీ నాకు మనసులో ఉంది."

"ఈ శుక్రవారం అందువులే. నోరు మాత్రం కడుక్కోని రా."

శుక్రవారం నమాజు అయ్యాక ఖుష్బూ హాలు నిండింది. అవే ముఖాలు, పదకొండూ. ఫిర్దౌస్ గుమ్మంలోనే లెక్కపెట్టుకుంది. కంభం వైపు మంగలి కత్తి సిద్ధం చేసుకున్నాడు. ఖుష్బూ పట్టుబట్టలతో, రంగేసిన నున్నటి జడతో, ఇంటిపెద్దలా కూర్చుని చేతులు చాచింది. ఫిర్దౌస్ బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగింది.

ఖుష్బూ నీళ్లలో చెయ్యి ముంచి తల తడిపింది. చెవి దాకా వచ్చి ముఖం చిట్లించింది.

"ఏంది దుల్హన్ ఇది? తారు పూసినట్టు పూసినావే!"

"ఉండనీండి ఆపా. దిష్టి."

"ఇది షార్జా. ఇక్కడెవరి దిష్టి తగుల్తుంది?"

"మాది పలకల వీధి పద్ధతి ఆపా. మీవోళ్లకు తెలియదు. వదిలేయండి, పోదు కూడా."

జనం నవ్వారు. పోదు అన్నాక ఖుష్బూ ఊరుకుంటుందా? "పోదా? నేను పోగొడతా చూడు" అని షాంపూ తెమ్మంది. అరచేతిలో వేసుకుని రుద్దింది. నెయ్యి కాటుక ఒక పట్టాన వదలదు. మోచేతి దాకా నల్లటి నురుగు కారింది. ఇంకా రుద్దింది. మగ్గుతో నీళ్లు పోసింది.

నురుగు జారిపోయింది. ఆమె వేళ్ల నడుమ తెల్లకుచ్చు తళతళలాడింది.

 ఖుష్బూ నల్లటి చెయ్యి, ఆమెకు తెలియకుండానే, ఆమె కుడిచెవి వెనక్కి పోయింది. మళ్లీ చటుక్కున దిగింది. ఫిర్దౌస్ ఒక్కతే చూసింది ఆ చెయ్యిని. బుగ్గ మీద కాటుక మరక మాత్రం అందరికీ కనపడింది.

అప్పుడు ఫిర్దౌస్ పాస్‌పోర్టు కవరులోనుంచి ఒక పాత ఫోటో తీసి అరుణకుమారికిచ్చింది. బయలుదేరేటప్పుడు మామగారు ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టిన ఫోటో అది. ఇరవయ్యేళ్ల మహబూబ్ బాషా, పక్కకు తిరిగి, చెవి వెనక తెల్లకుచ్చుతో. ఫోటో చేతులు మారుతూ హాలంతా తిరిగింది.

"ఇది ఎవరి పోలిక ఆపా?" అరుణకుమారి గట్టిగానే అడిగింది.

ఖుష్బూ బిడ్డ వంక చూస్తూ ఏదో గొణిగింది.

"వినపడలేదు ఆపా," అంది ఫిర్దౌస్. "ఆ రోజు బాగా వినపడింది. మార్కాపురం దాకా వినపడింది."

"మా అబ్బా పోలిక."

"అంటే ఏ ఇంటి పోలిక?"

"మా ఇంటి పోలికే. చాలునా?"

ఫిర్దౌస్ కొడుకును ఆ ఒళ్లోనుంచి తీసుకుంది. కత్తి పట్టుకుని నిలబడ్డ మంగలితో, "మీరు బిర్యానీ తినిపోండి అన్నా, ఈ పూట గొరిగేది లేదు" అంది.

అల్తాఫ్ దగ్గరకొచ్చాడు. "నాకన్నా చెప్పకూడదా?"

"మీరు అడగలేదు. నవ్వినారు."

అతను ఆ తర్వాత మిగిలిన తొమ్మిది రోజులూ బిడ్డను దించకుండా మోశాడు, ఇంకో నెల ఉండమని బతిమాలాడు. ఆమె ఉండలేదు.

ఆ శుక్రవారమే, అందరూ తింటుంటే, ఫిర్దౌస్ వంటగదిలోకి పోయింది. ఖుష్బూ సింకు దగ్గర గోళ్ల సందుల్లో కాటుక రుద్దుకుంటోంది. తల ఎత్తలేదు.

"నా సంగతి..."

"చెప్పను ఆపా. మూడేళ్లు చెప్పలేదు గదా."

"ఎప్పటికీ?"

"నా కొడుకు మీద మీ నోట ఇంకొక్క మాట పుట్టేదాకా."

మార్కాపురం తిరిగొచ్చాక ఆమె కాటుక డబ్బీని చెత్తలో పారేసింది. యాసిర్‌ను టోపీ లేకుండా, నున్నగా దువ్వి, తెల్లకుచ్చు పైకి తేలేట్టు అరుగు మీద కూర్చోబెట్టింది. వేళ్లు మడిచి లెక్కపెట్టినవాళ్లు వచ్చి మామగారి పోలికేనని ఒప్పుకుని క్షమాపణలు అడుగుతారని ఆమె అనుకుంది. వాళ్లు వచ్చారు. నీళ్ల గురించి జాలిపడి పోయారు.

చివరికి ఒక పొద్దున మార్తమ్మ వచ్చి అరుగు మీద చతికిలబడింది. యాసిర్‌ను ఒళ్లోకి లాక్కుని కుచ్చును వేలికి చుట్టుకుంది.

"ఈ నీళ్ల మాట ఎవరు చెప్పినారు అత్తా?" ఫిర్దౌస్ అడిగింది.

"ఇంకెవురు? మీ ఖుష్బూనే. సరోజమ్మ కోడలికి ఫోన్ చేసి చెప్పిందంట. 'మా నీళ్లు పడలేదు పాపం, బంగారట్టాంటి నల్లజుట్టు పాడైపోయింది' అని ఏడ్చిందంట."

ఫిర్దౌస్ చెరుగుతున్న బియ్యం చాట కింద పెట్టింది.

"ఆపా నోటితోనే అనిందా?"

"ఆమె నోటితోనే. వీధంతా తిరిగినా, ఒక్కరూ నిన్ను అడగలా. నేను ఊరుకుండే మనిషిని కాదు, మొగం మీదనే అడుగుతుండా. నాకు చెప్తే ఈ వీధికి చెప్పినట్టేనని నీకూ తెలుసు. నిజం చెప్పు ఫిర్దౌసూ, బిడ్డకు ఇది షార్జా నీళ్లకేనా?"

ఫిర్దౌస్ కొడుకు తల ఒకసారి నిమిరింది.

"నీళ్లకే అత్తా. పాపం, ఖుష్బూ ఆపాకు కూడా ఆ నీళ్లే పడలేదు, సరిగ్గా అదే చెవి వెనక. రంజాన్‌కు వస్తుంది గదా, రంగు ఉతికి చూడు."