ఎందుకు ఆపారో చెప్పాలన్న మేడమ్

ఎదురింటి మేడమ్ పోయారని గత వారం పొద్దున పాల ప్యాకెట్లకు కిందికి దిగినప్పుడు వాచ్‌మన్ చెప్పాడు. దవాఖానాలో నిద్రలోనే వెళ్లిపోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయారని అందరూ అన్నారు. బతికున్నప్పుడు మాత్రం మమ్మల్ని బాగానే ఇబ్బంది పెట్టారు, అందుకే ఈ నాలుగు మాటలు.

విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటర్‌లో పనిచేసి, రిటైరయ్యాక నాచారంలో మా ఎదురింట్లో దిగారు. కౌంటర్ అలవాటు పోలేదు. మా మనవరాలి ఫొటో చూపిస్తే ఫొటో చూసి, పక్కనున్న పిల్ల మొహం చూసి, మళ్లీ ఫొటో చూసేవారు. ముద్ర కొడతారా అని ఆటపట్టిస్తే నవ్వేవారు. ఇంటికొచ్చిన చుట్టాలను మాత్రం ఎన్నాళ్లుంటారని అడిగేవారు కాదు. ఆ ప్రశ్న నౌకరిలో అడిగింది చాలనేవారు.

ఒకసారి చాయ్ తాగుతూ ఒక సంగతి చెప్పారు. గల్ఫ్‌లో ఇంటిపనికి బయల్దేరిన ఒకామెను, ముప్పై ఏళ్లు నిండలేదని కౌంటర్ నుంచే వెనక్కి పంపారట. అక్కడ ఆడవాళ్లు మోసపోతున్నారని పెట్టిన రూలే అది. నా మంచి నన్ను అడగకుండా మీరెట్లా చూస్తారని మాత్రం అడిగి ఆమె వెళ్లిపోయిందట.

"రూల్ తప్పని ఇప్పటికీ అనను," అన్నారు మేడమ్. "గానీ ఆమెను కూసోబెట్టి జెప్పేటోళ్లు ఒకరుండాలె గద."

ఆ తర్వాత మా గల్లీలో బండ్ల దొంగతనాలు మొదలయ్యాయి. అసోసియేషన్ వాళ్లు గేటు పెట్టి, బయటివాళ్లను రానివ్వొద్దన్నారు. బయటివాళ్లంటే ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా వాళ్లు. పనికి పోవడానికి వాళ్లకు మా గల్లీయే దగ్గరి దారి. మెయిన్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగితే షిఫ్టుకు ఆలస్యమై ఆ పూట పని పోతుంది. నాకూ గేటు కావాలనే ఉండేది, ఇప్పటికీ ఉంది. మేడమ్ కూడా సరేనంటారనే అనుకున్నాం.

"గేటు ఉండనియ్యుండ్రి," అన్నారు మీటింగులో. "గానీ ఎవర్ని ఆపినా ఎందుకాపినమో జెప్పాలె. వాళ్లు మళ్ల అడిగే జాగ ఒకటుండాలె."

వాళ్లు మన మెంబర్లు కారు కదా అన్నాడు ప్రెసిడెంట్.

"గాదు, అందుకే అంటున్న. మీకు కోపమొస్తే ఈడ లొల్లి జేస్తరు, వచ్చేసారి ఓటెయ్యరు. వాళ్లు యాడ అడగాలె?"

చివరికి వాళ్లకు జవాబు చెప్పే పని ఆమె మీదే పడింది. వాచ్‌మన్ ఆపినవాళ్లు నేరుగా ఆమె వరండాకు వెళ్లేవారు. అందరినీ వదిలేశారనుకోకండి. పిల్లలాడుకునే చోట బండి ఉరికించిన ఒకణ్ని ఆమే ఆపించారు. ఎందుకో అతనికి ఓపిగ్గా చెప్పారు. అతను గొణుక్కుంటూ వెళ్లాడు. ఎక్కువమందిని మాత్రం కారణం దొరక్క వదిలేసేవారు. ఆ ఓపిక నాకు లేదు. అది ఉన్న మనిషి మా ఎదురింట్లో ఉండడం మా అదృష్టం.

మొన్న పొద్దున నేను గేటు దగ్గరుండగానే వాచ్‌మన్ ఒక కొత్త కుర్రాణ్ని ఆపాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. ఎందుకాపారని హిందీలో మర్యాదగానే అడిగాడు. వాచ్‌మన్ అలవాటుగా మేడమ్ ఇంటివైపు చెయ్యి చాపి, తాళం చూసి, నా వైపు తిరిగాడు.

"ఏం జెప్పాలె సార్?"

నిజంగానే వెతికాను. చెప్పడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు. గేటు తీయమన్నాను. కుర్రాడు షిఫ్టుకు పరుగందుకున్నాడు. మలుపు తిరిగేదాకా చూస్తూ మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.