దిండు మీద తీర్పు

కడవరి తీర్పు రోజున దేవుడు సింహాసనం మీద కూర్చునే ముందు మా అమ్మమ్మకి కబురు పెడతాడు. "పెద్దమ్మా, అందరి సంగతీ నాకు తెలుసు గానీ, ఓసారి నువ్వు కూడా చూసి చెప్పు" అంటాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, ముక్కు చివరికి జార్చుకుని, వరసలో నిలబడ్డవాళ్లని పై నుంచి కిందికి చూసి "వీడు కుడికి, వాడు ఎడమకి" అనేస్తుంది. దేవుడికి సగం పని తప్పుతుంది. ఇందులో నేను కలిపి చెప్పిందేమీ లేదు. మా వీధిలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. కాకపోతే నాలా నవ్వుతూ చెప్పరు.

వీధిలో ఆవిడకి జడ్జిగారని పేరు. చేసేది దర్జీ పని. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను ఉంది. దాని చప్పుడు ఆగిందంటే ఇంట్లో అందరం తలెత్తి చూస్తాం. స్కూలు యూనిఫారాలు, గౌన్లు, తెగిపోయిన సంచి పట్టీలు, ఏది తెచ్చినా కుడుతుంది. నేను చదువుకీ, చదువు నాకూ పనికిరామని తేలిపోయాక నన్ను ఆ మిషను పక్కనే ముక్కాలి పీట మీద కూర్చోబెట్టింది. కాజాలు, గుండీలు నా వాటా.

ఆవిడకి అంత పేరు తెచ్చింది మాత్రం గౌన్లు కాదు, దిండ్లు. మా సంఘంలో ఎవరైనా పోతే వడ్రంగి మేస్త్రీ పెట్టె చేస్తాడు. లోపల తెల్లగుడ్డ పరిచి, తల కిందికి చిన్న దిండు కుట్టి ఇచ్చేది అమ్మమ్మ. మేస్త్రీ చిత్రిక పట్టగా రాలిన చెక్క పొట్టే అందులో కూరుతుంది. మా తాతయ్య పోయినప్పుడు ఆ దిండు మూల, చెవి దగ్గరికి వచ్చేలా, నీలం దారంతో బొటనవేలంత శిలువ కుట్టింది. అది చూసి అందరూ మాకూ కావాలన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. నమ్మకంలో పోయినవాళ్లకి శిలువ, మిగతావాళ్లకి ఉత్త దిండు అని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. నరకానికి పోయేవాడికి పరలోకం టికెట్టు కుట్టి పంపిస్తే రేపు నేనేం జవాబు చెప్పుకోవాలి అనేది. అప్పట్నుంచి పెట్టె మూత వేసేముందు జనం మొహం కంటే ముందు దిండు చూడటం మొదలుపెట్టారు.

మొదటి ఉత్త దిండు రొట్టెల కొట్టావిడ భర్తకి దక్కింది. వాళ్ల కొట్టు మా ఇంటికి ఎదురుగా, రోడ్డు దాటితే చాలు. ఆయన తాగి తాగి, చివరికి ఆ మత్తులోనే మురిక్కాలవలో పడి చనిపోయాడు. చర్చి మెట్లెక్కి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. పెట్టె మీద పడి ఏడుస్తున్న ఆవిడ దిండు చూసి ఏడుపు ఆపేసింది.

"మర్చిపోయావా అక్కా?" అంది.

"మర్చిపోలేదు" అంది అమ్మమ్మ.

ఆ రోజుతో ఆవిడ నోట అక్కా అన్న పిలుపు పోయింది. రొట్టె కాగితంలో చుట్టి ఇస్తూ, "తీసుకోండి అమ్మగారూ" అనేది. ఆ 'గారు' అమ్మమ్మకి పంటి కింద రాయిలా తగిలేది. అయినా నమిలి మింగేసేది గానీ, నా తప్పేమైనా ఉందా అని ఒక్కనాడూ అడగలేదు.

ఇక మామయ్య సంగతి. మా అమ్మకి తమ్ముడు, ప్లంబరు. పెళ్లీ పెటాకులూ లేవు. వాళ్లమ్మతో వాదించడానికే పుట్టాడని మా అమ్మ అంటుంది. చర్చికి రావడం ఎప్పుడో మానేశాడు. ఆదివారం అమ్మమ్మ చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో టీ తాగుతూ కూర్చుని, ఈవేళ ఎంతమందిని కాల్చి వచ్చారు అని అడిగేవాడు. అమ్మమ్మ వేసే పెద్ద శిక్ష మాట మానెయ్యడం. పాలవాడితో ఏడాది, సొంత ఆడపడుచుతో పదేళ్లు మాట మానేసిన మనిషి. మామయ్యతో మాత్రం పొద్దున మానేస్తే సాయంత్రం దాకా ఉండలేకపోయేది. నువ్వు చెప్పేది తప్పురా అని చెప్పడానికైనా నోరు తెరవాలి కదా.

ఒకరోజు వంటింటి కుళాయి బిగిస్తూ మామయ్య అన్నాడు, "కన్నకొడుకుని కాల్చేవాణ్ణి పోలీసులు పట్టుకుపోతారు. పైనున్నాయన అదే పని చేస్తే ప్రేమ అని పాటలు పాడుతున్నారు."

"మంటలో పడబోయేవాడికి చెయ్యి అందిస్తున్నాడ్రా. పట్టుకోనని మొండికేస్తే తప్పెవరిది?"

"మంట పెట్టిందెవరమ్మా?"

అమ్మమ్మ వెళ్లి మిషను ముందు కూర్చుంది. చాలాసేపు తొక్కింది. సూది కింద గుడ్డ లేదు.

వాదించేటప్పుడు మామయ్య మొహంలో నవ్వు ఉండేది. అమ్మమ్మ మొహంలో ఉండేది భయం. నరకం గురించి ఆవిడ ఎవరితో ఎంత గట్టిగా మాట్లాడినా, మనసులో అక్కడ నిలబడి కనిపించేది ఒక్కడే. అది మామయ్యకి తెలుసో లేదో నాకు తెలీదు.

తర్వాత మామయ్య ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. కిటికీ గాలి తగులుతుందని ముందు గదిలోనే, మిషను పక్కన మంచం వేశాం. పడుకుని కూడా ఊరుకోలేదు. ఏదైనా తెల్లగుడ్డ మిషను మీదికి రాగానే, అది నాదేనా అనేవాడు. మా అమ్మ కళ్లొత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయేది.

ఒక మధ్యాహ్నం తనే అడిగాడు, నా దిండు మీద ఏం కుడతావమ్మా అని. నవ్వకుండా అడిగాడు.

అమ్మమ్మ మిషను ఆపి మంచం పట్టె మీద కూర్చుంది. "ఒక్క మాట అను నాన్నా. నమ్ముతున్నానని ఒక్క మాట అను. నేను చూసుకుంటాను."

"నీకోసమైతే అంటానమ్మా. ఆయన కోసం అనలేను. సరిపోతుందా?"

నేను కాజా కుడుతున్నదాన్ని సూది గుచ్చి అలాగే ఉండిపోయాను. సరిపోతుందని ఆవిడ అనాలని నాకెంత ఉందో చెప్పలేను. ఆవిడ దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"సరిపోదు" అంది.

మామయ్య కళ్లు మూసుకున్నాడు. "తెలుసులే. నేనూ నీ కొడుకునే కదా."

ఆ వారంలోనే, ఒక పొద్దున అమ్మమ్మ పాలు వెచ్చబెట్టడానికి లోపలికెళ్లి వచ్చేసరికి పోయాడు.

మేస్త్రీ పెట్టె మొదలుపెట్టాడు. అమ్మమ్మ దిండు కుట్టి, పొట్టు కూరి, మూతి కూడా కుట్టేసింది. నీలం దారం మాత్రం ముట్టుకోలేదు. పాస్టరుగారు వచ్చారు. కొత్తగా వచ్చిన కుర్రాయన, అమ్మమ్మంటే ఆయనకీ భయమే. కుడితే అందరికీ కుట్టండమ్మా, లేకపోతే అందరికీ మానెయ్యండి, ఎవరు ఎటు పోతారో తేల్చే పని దేవుడు మనకి అప్పజెప్పలేదు అని మెల్లగా చెప్పారు. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరూ నాకు చెప్పలేదేం అని అమ్మమ్మ అడిగింది. నువ్వు మాట మానేస్తావని అన్నాను నేను. ఇంకెప్పుడైనా అయితే నెత్తిన మొట్టేదే. ఆ రోజు మొట్టలేదు. అది చూసి నాకు భయమేసింది.

దిండు చంకలో పెట్టుకుని లేచింది. దారాల డబ్బా పట్టుకుని నేను వెనకే వెళ్లాను. తిన్నగా రోడ్డు దాటి రొట్టెల కొట్లోకి నడిచింది. కొట్టావిడ మోచేతుల దాకా పిండితో ఉంది. అమ్మమ్మ దిండు బల్ల మీద పెట్టింది.

"నీ మొగుడికి కుట్టలేదు. ఇప్పుడు నా కొడుక్కి కుడితే నువ్వు ఊరుకోకూడదు. కుట్టకపోతే నేను బతకలేను. నువ్వే చెప్పు."

పొయ్యిలో రొట్టెలు మాడుతున్న వాసన వస్తోంది. ఆవిడ అటు చూడలేదు. ఈ రోజు కోసమే ఎదురుచూశానంది. మీ ఇంట్లో పెట్టె లేచేనాడు వచ్చి, అందరి ముందూ దిండు చూసి, మర్చిపోయారా అమ్మగారూ అని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో అంది. చెబుతూనే డబ్బాలోంచి సూది తీసి, నీలం దారం ఎక్కించింది. కుట్టేస్తుందనుకున్నాను. దిండు మూలకి సూది గుచ్చి, వెనక్కి తోసింది.

"నా వల్ల కాదక్కా. కుట్టమనీ అనలేను, వద్దనీ అనలేను. తీసుకెళ్లు."

తెల్లగుడ్డ మీద ఆవిడ వేళ్లు పడినచోటల్లా పిండి అంటుకుంది. అమ్మమ్మ దులపలేదు.

ఇంటికొచ్చి ఒక్క కుట్టు వేసింది. సూది ఒకసారి దిగి, ఒకసారి పైకొచ్చింది. నిలువు గీత అనడానికి కూడా చాలనంత. అక్కడ ఆగిపోయింది. దారం తెంపలేదు. సూది అలాగే వేలాడుతుండగా దిండు పెట్టెలోకి వెళ్లింది. మూత వేయబోతూ మేస్త్రీ సూది చూసి లాగబోతే, అమ్మమ్మ ఉండనీ అంది.

"గుచ్చుకుంటుందమ్మా" అన్నాడు పాపం, అలవాటుగా.

"వాడికింక గుచ్చుకోదు. మిగతాది కుట్టేవాడు కుడతాడు."

తర్వాత అమ్మమ్మ ఎవరికీ శిలువ కుట్టలేదు. పద్ధతి మారితే తాగుబోతుల పెళ్లాలు సంతోషిస్తారనుకున్నాం గానీ, మంచివాళ్లకి కోపం వస్తుందనుకోలేదు. మా నాన్న యాభై ఏళ్లు ఒక్క ఆదివారం తప్పలేదు, ఆయనకీ ఆ తాగుబోతుకీ ఒకే దిండా అని ఒకాయన ఇంటి మీదికొచ్చాడు. నరకం లేదంటున్నారా అని నిలదీశాడు. ఉంది, కానీ అందులో ఎవరున్నారో నాకు తెలీదు అంది అమ్మమ్మ. ఆయన మాట మానేశాడు. తిరిగొచ్చి తనకే ఆ శిక్ష పడితే ఎలా ఉంటుందో ఆవిడకి ఇప్పుడు తెలుస్తోంది.

రొట్టెల కొట్టావిడ అక్కా అనే పిలుస్తోంది. కానీ అమ్మమ్మకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, ఖాళీ మంచం వైపు చూసి, సరిపోతుందని అనాల్సిందేమో అంటుంది. నేను కాజా మీదికి వంగుతాను. నన్నడగడం లేదని తెలుసు.

మొన్న మాత్రం నోరు ఊరుకోలేదు. "అమ్మమ్మా, మిగతాది ఆయన కుట్టకపోతే?" అన్నాను. ఆట పట్టిద్దామనే మొదలుపెట్టాను గానీ, సగంలోనే అది నిజం ప్రశ్న అయిపోయింది.

ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"ఆయనతో కూడా మాట మానేస్తాను. నువ్వు ముందు ఆ కాజా పూర్తి చెయ్యి."