సమానం గుర్తు తీసేశాను

కూరెకుప్ప దగ్గర ఇనుప ఖనిజం యార్డులో పదమూడేళ్లు కన్వేయర్ బెల్టుల మెకానిక్‌గా పనిచేశాను. కొత్త కాంట్రాక్టరు తన మనుషులను తెచ్చుకున్నాక ఆ పని పోయింది. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. వయసుతో పనిలేకుండా ఆరు నెలల్లో ప్రోగ్రామింగ్ నేర్పుతామని, పదేళ్ల అనుభవం ఉన్న టీచర్లున్నారని బస్టాండు గోడ మీద కాగితం చూసి బళ్లారిలో ఒక క్లాసులో చేరాను.

చేరిన రోజునుంచే అనుమానం. పని పోయినవాళ్లు ఎక్కువున్న చోటే ఇలాంటి కాగితాలు ఎందుకు అంటిస్తారో నాకు తెలుసు. గల్ఫులో పని ఇప్పిస్తామన్న ఒక కాగితాన్ని నమ్మి మా బావమరిది హైదరాబాదు దాకా వెళ్లి, తాళం వేసిన తలుపు చూసి తిరిగొచ్చాడు.

క్లాసులో తొమ్మిదిమందిమి. చెప్పేది సంగనకల్లు నుంచి వచ్చే ఒకావిడ, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. ఆమెను గమనించడం మొదలుపెట్టాను. పాఠంలో లేనిది అడిగితే రేపు చెప్తాననేది. ఒక పొడుగు నోటుపుస్తకం చూడనిదే ఏదీ టైపు చేసేది కాదు. ఎవరైనా దగ్గరికొస్తే ఆ పుస్తకం మూసేసేది. ఒకరోజు బస్సు తొందరగా దొరికి ముందే వెళ్లాను. ఖాళీ గదిలో ఆమె ఒక్కతే బోర్డు ముందు నిలబడి, ఆనాటి పాఠం పైకి చెప్పుకుంటోంది. నన్ను చూడగానే బోర్డు తుడిచేసింది.

ఇంట్లో ఆ మాట చెప్తే నా భార్య, “తెలీకపోతే ఆ యమ్మనే అడుగు. దొంగను పట్టేటోని మాదిరి చూస్తా కూచుంటే నీకు చదువొస్తాదా?” అంది. నేను వినలేదు. పరీక్ష పెట్టాలనుకున్నాను.

అప్పటికి ఒక చిన్న ప్రోగ్రాం సొంతంగా రాశాను. బెల్టు కింద తిరిగే రోలర్లలో ముప్పై రోజులు నిండినవాటిని మార్చాలి. వాటి నంబర్లను అది చూపిస్తుంది. ‘ముప్పైకి ఎక్కువ లేదా సమానం’ అని ఉన్నచోట సమానం గుర్తు కావాలనే తీసేశాను. ఇక ముప్పై ఒకటో రోజు రోలరు కనిపిస్తుంది, సరిగ్గా ముప్పై నిండింది కనిపించదు. కొన్ని నంబర్లు రావడం లేదని, తప్పెక్కడుందో తెలియడం లేదని అమాయకంగా ఆమెకు చూపించాను.

అరగంట చూసింది. అందరూ చుట్టూ చేరారు. చివరికి, “నాకు దొరకలేదన్నా. స్వల్ప టైమ్ ఇయ్యి” అంది.

ఆ సాయంత్రం బస్టాండులో టీ తాగుతూ, ఈమెకు ఏమీ రాదని మిగతావాళ్లతో చెప్పాను. మర్నాడు ముగ్గురు రాలేదు. ఆ ఖాళీ కుర్చీలు చూసి మొదట సంతోషించాను. పాఠం అయ్యేసరికి ఆ సంతోషం లేదు.

మూడోరోజు ఆమె నా ప్రోగ్రామంతా కాగితం మీద చేత్తో రాసుకొచ్చింది. పక్కన ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి వేసి, ఒక్కో వరుస దగ్గర ఏం జరుగుతుందో రాసింది. “ముప్పై కంటే ఎక్కువ అని ఉండాది. సరిగ్గా ముప్పై అయినది యాడ పోవల్ల? సమానం గుర్తు లేదన్నా,” అంది.

తర్వాత అందరివైపు తిరిగి చెప్పింది. “గోడ మీద పదేళ్లని రాసిండేది నిజం కాదు. మొన్నటిదాకా నేను కన్నడ టీచర్ని. స్కూలు మూతపడింది. ఇది నేర్చుకొని ఏడాదైండాది. మీకంటే ఒక పాఠం ముందుంటా, అంతే.”

నా అనుమానం నిజమే. అయినా తల ఎత్తలేకపోయాను. అందరూ వెళ్లాక ఆ గుర్తు తీసింది నేనేనని, ముగ్గురు మానేయడానికీ నేనే కారణమని ఒప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు.

“ఇంకేమన్నా తీసేసిండావా?”

“లేదు మేడమ్.”

అయినా నా ఎదుటే ప్రోగ్రాం తెరిచి, మొదటి వరుసనుంచి చివరిదాకా చూసుకుంది. నన్ను నమ్మలేదని అర్థమైంది.

మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లాను. వాళ్లలో తారానగర్ నుంచి వచ్చే అతను ఒక్కడే తిరిగొచ్చాడు.

ఏడాది తర్వాత, లారీలు ఎక్కడున్నాయో చూపించే సాఫ్ట్‌వేర్ చేసే ఒక ఆఫీసులో పరీక్షకు మేడమూ నేనూ వెళ్లాం. ఆమెకు ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు. నా గురించి అక్కడ ఏమైనా చెప్పిందేమోనని చాలా రోజులు కుమిలాను. మూడు నెలలకు ఆమే ఫోన్ చేసింది, ఇంకొకరు కావాలంటున్నారని, నా పేరు చెప్పానని. ఏం చెప్పారని అడిగాను.

“చెప్పాల్సింది చెప్పినా. వచ్చి పరీక్ష రాయన్నా,” అంది.

రాశాను. ఈసారి తీసుకున్నారు. ఇప్పుడు ఆమె బల్లకు రెండు బల్లల అవతల కూర్చుంటాను. ఆరోజు వాళ్లకు నా గురించి ఏం చెప్పిందో మళ్లీ అడగలేదు. నేను రాసిన ప్రోగ్రాం సరిచూడటానికి ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం, మిగతావాళ్లవాటికంటే ఎక్కువసేపు చూస్తుందని నాకనిపిస్తుంది.