ఎత్తుకు అలవాటు పడాలని ఆదోని కొండకు పోయాను

హిమాలయాల్లో ఐదు రోజుల నడకకు పేరిచ్చినప్పుడు నాకు నలభై ఆరేళ్లు. అంతవరకు ఎమ్మిగనూరులో ఇంటి కుర్చీ నుంచి ఆఫీసు కుర్చీకి బండి మీద పోయి రావడమే నేను చేసిన సాహసం. డిసెంబరులో బయల్దేరాలి. నడకకు వచ్చేవాళ్లందరినీ ఫోనులో ఒక గ్రూపుగా చేర్చి, మా నాయకుడు అప్పుడప్పుడూ సలహాలు పెట్టేవాడు. ఒకరోజు, "నడక మొదలయ్యే ముందు ఒకటి రెండు రాత్రులు ఎత్తైన చోట పడుకోండి. పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడుతుంది" అని రాశాడు. మిగతావాళ్లు రెండు రోజులు ముందుగా అక్కడి కొండ ఊరికి చేరుకుంటామన్నారు. సెలవు పెంచమని అడగడానికి నాకు మొహమాటం. ఎత్తు ఎక్కడైనా ఎత్తే కదా, ఇక్కడే అలవాటు చేసుకుందాం అనుకున్నాను.

ఆ సాయంత్రం మిద్దెక్కి నాలుగు వైపులా చూశాను. ఎటు చూసినా బల్లపరుపు నేల, పత్తి చేలు. మా ఆవిడ ఆరేసిన బట్టలు తీస్తూ, "ఏం చూస్తాండారు?" అంది.

"ఎత్తైన చోటు. టెంటేసుకుని ఒక రాత్రి పండుకోవాల."

ఆమె నీళ్ల ట్యాంకు వైపు గడ్డంతో చూపించింది. "దాని మీద పండుకోండి. బువ్వ ఈడికే తెచ్చిస్తా."

మర్నాడు ఆఫీసులో అడిగితే ఒకాయన ఆదోని కొండలున్నాయి కదా అన్నాడు. వాటి ఎత్తెంతో ఫోనులో చూసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం దొరకలేదు గానీ, టెంటు ఏ రంగుదైతే ఫోటోలో బాగుంటుందో తేల్చుకోవడానికి రెండు రోజులు దొరికాయి.

శనివారం మధ్యాహ్నం మంచులో వేసుకునే బూట్లు తొడుక్కుని, నా భుజాలకంటే వెడల్పైన బ్యాగుతో ఆదోని బస్సెక్కాను. పక్కన కూర్చున్న ఆమె బ్యాగు వైపు చూసి, "సుగ్గికి పోతాండావాప్పా?" అని అడిగింది. పనుల్లేని రోజుల్లో మా వైపు జనం మిరపకోతలకు, పత్తి తీతకు దూర జిల్లాలకు వలస పోవడాన్ని సుగ్గికి పోవడమంటారు.

"లేదమ్మా. ఆదోనిలో కొండెక్కేకి."

"కొండెక్కేకి ఇంత మూటెందుకు?"

ఆమె కాళ్ల దగ్గర ఒక గోనెసంచి, దాని మూతికి కట్టిన చాప ఉన్నాయి. మూడు నెలల సంసారం ఆ సంచిలో ఉంది. నాది ఒక్క రాత్రికి. రెండూ ఒకే లావున్నాయి. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కొండ మొదట్లో బాగానే నడిచాను. ఆ తర్వాత ప్రతి బండరాయి దగ్గరా ప్రకృతిని చూడాలనిపించింది. సగం దూరంలో కూలబడి ప్రకృతిని చూస్తుంటే, మేకల మందతో ఒక అవ్వ పైనుంచి దిగి వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. కాళ్లకు చెప్పుల్లేవు, నెత్తిన కట్టెల మోపుంది. నన్ను చూసి ఆగింది.

"ఇంట్లో కొట్లాడి వచ్చినావా నాయనా?"

"లేదవ్వా. పైన ఒక రాత్రి పండుకుందామని."

"ఇల్లు లేదా?"

"ఉంది. ఎత్తుకు అలవాటు పడాలని వచ్చినా. మంచుకొండలకు పోతాండాను."

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నమ్మినట్టు లేదు. మోపు దించి ఎదురుగా కూర్చుంది. "సీతాఫలాల కాలం. రాత్రయితే ఎలుగొడ్లు వస్తాయి. పెండ్లాం ఏమన్నా అంటే అననీలే. ఇంటికి పో."

నాకు పౌరుషం వచ్చింది. జంతువుల గురించి నాకూ తెలుసన్నట్టు మాట్లాడి, వచ్చిన పని చేసుకునే పోతానన్నాను. ఆమె వాదించలేదు. మేకల్ని అదిలించి దగ్గరికి చేర్చి, "అట్లయితే నేనూ ఈడే కూర్చుంటా. నిన్నిడిసిపెట్టి పోతే నాకు నిద్ర పట్టదు" అంది. నిజంగానే కూర్చుంది. ఎండ పచ్చబడింది. మేకలు ఇంటికి పోవాలని అరవడం మొదలుపెట్టాయి. ఆ అరుపుల్ని నేను పావుగంట తట్టుకున్నాను. తర్వాత బ్యాగు ఎత్తుకుని ఆమె వెనక దిగాను. దిగేటప్పుడు కూడా రెండుసార్లు ఆమె నా కోసం ఆగింది.

ఆమె ఇల్లు కొండ కింద, రోడ్డుకు దగ్గర్లోనే ఉంది. కనీసం టెంటైనా వేస్తానంటే వాకిట్లో చోటు చూపించింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం పెట్టింది. నేను రొట్టె తింటుంటే మేకపిల్లలు టెంటు తాడు తిన్నాయి. అప్పుడే మా ఆవిడ ఫోను చేసింది.

"ఎట్లుంది కొండ మీద?"

"గాలి చల్లగా ఉంది" అన్నాను.

అవ్వ నా చేతిలోని ఫోను దగ్గరికి వంగి, "భయం లేదు తల్లీ. మా వాకిట్లోనే ఉండాడు. రేపు పొద్దున పంపిస్తా. నువ్వు కూడా కోపం చేయొద్దు" అని గట్టిగా చెప్పింది.  అటువైపు నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆపలేక మా ఆవిడే ఫోను పెట్టేసింది.

పొద్దున్నే టెంటు ఫోటో తీసి, ఆదోని కొండ అని రాసి గ్రూపులో పెట్టాను, మేకలు కనపడకుండా. నాయకుడు చాలా మర్యాదగా జవాబిచ్చాడు. టెంటు బాగుందట. అయితే ఆ కొండ కొసకెక్కి నెల రోజులు పడుకున్నా ఒంటికి తేడా తెలియదట, గాలి పల్చబడాలంటే అలాంటివి కొన్ని ఒకదాని మీద ఒకటి పెట్టాలట.

సోమవారం మొహమాటం వదిలి మా పైఅధికారిని సెలవడిగాను. ఆయన, "ముందే అడగాల్సింది" అని సంతకం పెట్టాడు. అంతే పని.

డిసెంబరులో హిమాలయాల్లోని ఆ కొండ ఊళ్లో రెండు రోజులు తలనొప్పితో దుప్పటి కింద గడిపాను. మూడో రోజుకు నొప్పి తగ్గింది. నడకలో అందరికంటే వెనక నేనే. చివరి రోజు తెల్లవారుజామున, శిఖరం ఇంకో గంట ఉందనగా గైడు నీలం తిరిగిన నా పెదవులు చూసి, ఇక చాలన్నాడు. మిగతావాళ్లు పైకి పోయారు. నేను, గైడు ఒక రాతి మీద కూర్చున్నాం. అతను ఫ్లాస్కులోంచి టీ పోశాడు. ఎండ పడి ఎదుటి కొండ మంచు ముందు గులాబీ రంగులోకి, తర్వాత పసుపులోకి మారింది. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆ టీ తాగుతూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. నాకు ఆ పూట ఏ కొరతా అనిపించలేదు.